ఇంటి మీద ఆంటెన్నా

ఇంటి మీద చేపముల్లు లాంటి ఆంటెన్నా ఉంది. దాని వైరు టీవీకి తగిలించే ఉంది. అయినా బొమ్మ రావడం లేదు. అంతా చుక్కలే.

"టీవీ పాడైంది. పాత సామాన్లకు వేసేద్దాం" అన్నాడు కొడుకు.

"టీవీకి ఏమీ కాలేదు అత్తమ్మా" అంది కోడలు. "ఈ ఆంటెన్నా దూరదర్శన్ టవర్ ప్రసారాన్ని పట్టేది. 2022 నాటికి ఆ టవర్లు చాలావరకు ఆపేశారు. ఇంకేం పడుతుంది?"

అత్తకు దిగులేసింది. వార్తలు, వాన కబుర్లు ఆమె టీవీలోనే చూసేది. నెలనెలా డబ్బు కట్టడం ఆ ఇంటికి బరువు.

దూరదర్శన్ వారి ఉచిత డిష్ 2004లో మొదలైంది. దానికి నెల నెలా కట్టక్కర్లేదు. డిష్షు, పెట్టె, వైరు ఒకసారి కొనుక్కోవాలి. మన వైపు డిష్షు ముఖం ఆగ్నేయానికి ఉండాలి. ఎదురుగా చెట్టు ఉండకూడదు.

డిష్షు వైరు నడుమ ఒక గట్టి తీగ ఉంటుంది. చుట్టూ సన్నని తీగల జాలి ఉంటుంది. ఈ రెండూ తగలకూడదు. తగిలితే బొమ్మ రాదు, పెట్టె కూడా పాడవచ్చు. ఎందుకంటే పెట్టె నుంచి డిష్షుకు కొంచెం కరెంటు పోతుంది. అందుకే ప్లగ్గు తీశాకే వైరు బిగించాలి.

పెట్టె నుంచి టీవీకి మూడు రంగుల వైరు. పసుపు బొమ్మకు. తెలుపు, ఎరుపు మాటకు. ఇంగ్లీషు రాకపోయినా రంగు చూసి పెట్టవచ్చు. కొత్త టీవీకి వెడల్పు మూతి వైరు ఉంటుంది. మరీ పాత టీవీకి ఆంటెన్నా రంధ్రం ఒక్కటే ఉంటుంది. దానికి మాడ్యులేటర్ అనే చిన్న డబ్బా కావాలి. కొనేముందు టీవీ వెనక చూసుకుని వెళ్ళాలి. లేకపోతే రెండుసార్లు బస్సు ఛార్జీ!

ఇంతలో కొడుకు పాత ఆంటెన్నా దించడానికి మేడ ఎక్కాడు. పొడుగాటి ఇనప గొట్టం. పక్కనే కరెంటు తీగలు. అత్త చూసింది.

"ఒరేయ్, గొట్టం ముట్టకు! దిగిరా!" అని కేక వేసింది.

గొట్టం తీగ మీదికి ఒరిగితే మనిషి దక్కడు. మర్నాడు లైన్‌మన్ కరెంటు ఆపాకే గొట్టం దించారు. డిష్షును తీగలకు దూరంగా బిగించారు. ఉరుములు మొదలయ్యే ముందే ప్లగ్గు, డిష్షు వైరు రెండూ తీసి పెట్టాలని కోడలు అందరికీ చెప్పింది.

ఆ టీవీకి పసుపు, తెలుపు రంధ్రాలే ఉన్నాయి.

"ఎర్రది మిగిలిందే! మాట రాదేమోనే?" అంది అత్త.

"వస్తుంది అత్తమ్మా. మన టీవీకి స్పీకరు ఒకటే. పెద్ద సౌండు పెట్టెకైతే తెలుపు, ఎరుపు రెండూ పెట్టాలి."

కోడలు రిమోట్‌లో ఏవీ మీట నొక్కింది. బొమ్మ వచ్చింది. మాటా వచ్చింది.

"కొంచెం సౌండు పెంచవే" అంది అత్త.