పచ్చగువ్వ

ద్రాక్షారామమున ద్రాక్షతోటలు లేవు. దక్షారామ మను పేరే వాడుకలో నిట్లు మాఱినదని పెద్దలు చెప్పుదురు. కాని కాలువగట్లమీఁది మఱ్ఱి, రావి పండినపుడు వచ్చు విందుగాండ్రకు కొదువలేదు. అందు మిక్కిలి సొగసైనది పచ్చగువ్వ.

చెట్టుక్రింద నిలిచి తలయెత్తి చూచిన నొక్కటియు కనఁబడదు; పండ్లు మాత్రము టపటప రాలుచుండును. చప్పట్లు చఱచినచో ఆకులే రెక్కలు తాల్చినట్లు గువ్వలగుంపు ఒక్కుమ్మడిగా లేచిపోవును. మేను పసుపు కలసిన పచ్చ, తల బూడిదవన్నె, భుజమున ఊదారంగు మచ్చ. ఇంటిపావురమునకు కాళ్లెఱ్ఱన, దీనికి పసుపు. ఇది కువకువలాడదు, ఈలవేయును. ఇది నేలపై అడుగిడదని ఉత్తరదేశమున నొక నమ్మిక కలదు. అది కథయే, ఎల్లప్పుడు చెట్లపై నుండుటచేత పుట్టియుండును.

ఈ గువ్వ విత్తనములు వెదచల్లి మఱ్ఱిచెట్లను పెంచునని మేము చాల యేండ్లు తరగతిలో బోధించితిమి. అది సరికాదు. ఈ జాతి పక్షులకు కోడికివలె బలమైన కందనకాయ యున్నది. అందు మ్రింగిన యిసుకరాళ్లతో విత్తనములు చాలవఱకు నలిగి పిండియగును. మఱ్ఱివిత్తును గోడలకును తాటిమట్టలకును చేర్చునవి కోకిలలు, గోరువంకలు, గబ్బిలములు. మా పాఠము నమ్మి పరీక్షలో వ్రాసిన పూర్వ విద్యార్థులు మమ్ము మన్నింతురు గాక.

అట్లని విత్తనములు చల్లు పావురమే లేదనరాదు. దీని జ్ఞాతులైన ఫలభక్షక పావురములు ఆగ్నేయాసియా మొదలు పసిఫికు ద్వీపములవఱకు అడవులలో నున్నవి. వాని కందనకాయ పలుచన. గుజ్జు మాత్రమరిగి విత్తనము చెక్కుచెదరక దూరమున పడును. 1903 మొదలు 1916 వఱకు మద్రాసురేవునుండి చెఱకుతోటల పనికి మన తెలుగువారు పోయిన ఫిజీదేశమున, వనువాలెవు, తవెయూని ద్వీపముల అడవులలో నారింజపావురము కలదు. మగదానికి తల తప్ప మేనెల్ల నిప్పువంటి నారింజవన్నె, ఆఁడుది ఆకుపచ్చన. గూఁటిలో నొక్క గ్రుడ్డే. అడవి నఱకిన ఆ పక్షి పోవును. పక్షి పోయిన అడవికి విత్తుపని కుంటువడును.

మన గువ్వ చెట్టును నాటకున్నను దానికి చెట్టు కావలెను. రోడ్డు వెడల్పు చేయునపుడు మొదట గొడ్డలికెరయగునవి గట్టుమఱ్ఱులే. ఉండేలు పట్టు బాలురకు నొకమాట: 1972 నాఁటి వన్యప్రాణి సంరక్షణచట్టము ఈ పక్షిని వేటాడుటను నిషేధించినది.

మార్చి మొదలు జూన్ వఱకు గూళ్లు వెదకుఁడు. నాలుగు పుల్లలు అడ్డముగా పేర్చినట్లుండును. అందలి రెండు తెల్లని గ్రుడ్లు ఒక్కొక్కప్పుడు క్రిందినుండియే కనఁబడును. ముట్టక, చెట్టుపేరును తారీఖును వ్రాసి తెచ్చినచో బడిపుస్తకమున చేర్తుము.