ఏటీపీ అదుపు, ఎంజైమ్ లోపాలు

కణానికి శక్తినిచ్చే ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి వేరుచేసింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నారు. పరీక్ష ప్రశ్నలో ఏ పేరు కనిపించినా తికమక పడొద్దు.

ఏటీపీని కణం నిల్వ పెట్టుకోదు, ఖర్చయ్యేకొద్దీ తయారుచేసుకుంటుంది. గ్లూకోజ్‌ను విడగొట్టి ఏటీపీ తయారుచేసే గ్లైకాలసిస్‌ పగ్గం ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ చేతిలో ఉంటుంది. ఏటీపీ, సిట్రేట్ పెరిగితే అది నెమ్మదిస్తుంది; ఏఎంపీ పెరిగితే వేగం అందుకుంటుంది. మొదటి మెట్టు కదా అని హెక్సోకైనేజ్‌కు టిక్ పెట్టకండి.

మరి ఎంజైమే లోపిస్తే? వాన్ గియర్కే వ్యాధిలో గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ పనిచేయదు. కాలేయం నిండా గ్లైకోజెన్ ఉన్నా అందులోని గ్లూకోజ్ రక్తంలోకి రాదు. భోజనం కాస్త ఆలస్యమైతే చాలు, పసిపిల్లల్లో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. కాలేయం ఉబ్బుతుంది; లాక్టేట్, యూరిక్ ఆమ్లం పెరుగుతాయి. చికిత్స వింటే ఆశ్చర్యమేస్తుంది: ఉడికించని కార్న్‌ఫ్లోర్. మెల్లగా అరుగుతూ గంటల తరబడి గ్లూకోజ్ అందిస్తుంది. ఈ ఎంజైమ్ లోపాన్ని 1952లో నిరూపించింది కోరీ దంపతులు. 1947లో వైద్య నోబెల్ అందుకున్న గెర్టీ కోరీ, ఆ విభాగంలో తొలి మహిళ.

మెకార్డిల్ వ్యాధిలో లోపించేది కండరాల గ్లైకోజెన్ ఫాస్ఫోరిలేజ్. శ్రమిస్తే కండరాలు పట్టేస్తాయి, రక్తంలో లాక్టేట్ మాత్రం పెరగదు.