గడ్డ మాయమైనా చికిత్స ఎందుకు కొనసాగుతుంది?

పిల్లల కంటి రెప్ప దగ్గర వాపు, చేతి మీద నొప్పి లేని గడ్డ, మూత్రం పోసుకోవడంలో ఇబ్బంది... చాలాసార్లు ఇవి చిన్న సమస్యలే. అరుదుగా మాత్రం వీటి వెనక రాబ్డోమయోసార్కోమా అనే క్యాన్సర్ ఉంటుంది. కండరాలుగా ఎదగాల్సిన కణాలు మధ్యలో దారితప్పి, ఆగకుండా విభజన చెందడం వల్ల ఇది వస్తుంది. పిల్లల మృదు కణజాల క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. గడ్డ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించే బయాప్సీతో దీన్ని నిర్ధారిస్తారు.

స్కాన్‌కు చిక్కనివి

ఆపరేషన్ తర్వాత స్కాన్‌లో ఏమీ కనిపించలేదంటే, క్యాన్సర్ పూర్తిగా పోయిందని కాదు. ఒక సెంటీమీటరు గడ్డలో సుమారు 100 కోట్ల కణాలు ఉంటాయని అంచనా. ఒక మిల్లీమీటరు గడ్డ పరిమాణం అందులో వెయ్యో వంతు. అయినా అందులో 10 లక్షల కణాలుంటాయి! అంత చిన్న గుంపు ఊపిరితిత్తుల్లో దాగి ఉంటే స్కాన్‌లో పట్టుకోవడం కష్టం. వ్యాధి తిరగబెట్టేది ఇలాంటి గుంపుల నుంచే. కీమోథెరపీ రాకముందు, ఆపరేషన్ మీదే ఆధారపడిన రోజుల్లో, నలుగురిలో సుమారు ఒక్కరే దక్కేవారు.

ఎవరికి ముప్పు ఎక్కువ?

గడ్డ ఎక్కడుంది, 5 సెంటీమీటర్లు దాటిందా, ఇతర భాగాలకు పాకిందా, బిడ్డ వయసెంత అన్నవి చూస్తారు. కంటి గుంటలో వచ్చేది సాధారణంగా చికిత్సకు బాగా లొంగుతుంది. కాళ్లూ చేతుల్లో వచ్చేది మొండిది. కణాల్లో పాక్స్3, ఫాక్సో1 జన్యువులు అతుక్కుని ఉంటే ముప్పు పెరుగుతుంది.

మూడు ఆయుధాలు

కీమోథెరపీ, ఆపరేషన్, రేడియేషన్‌లను అవసరాన్ని బట్టి కలిపి వాడతారు. కీమోలో విన్‌క్రిస్టిన్, ఆక్టినోమైసిన్-డి, సైక్లోఫాస్ఫమైడ్ ముఖ్యమైనవి. విన్‌క్రిస్టిన్ మూలం మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు మొక్కే. అలాగని ఆకులు నమిలితే పనిచేయదు, పైగా ప్రమాదం.

మరో ఆరు నెలలు

చికిత్స ముగిశాక, గడ్డ కనిపించని పిల్లలకు మందులు ఇంకా ఇవ్వాలా? ఎక్కువ ముప్పున్న పిల్లలపై యూరప్ పరిశోధకులు దీన్ని పరీక్షించి, 2019లో ఫలితాలు ప్రకటించారు. కొందరికి చికిత్స ఆపేశారు. మిగతావారికి వినోరెల్బిన్ ఇంజెక్షన్లు, తక్కువ మోతాదులో సైక్లోఫాస్ఫమైడ్ మాత్రలు ఆరు నెలలపాటు ఇచ్చారు. ఐదేళ్ల తర్వాత జీవించి ఉన్నవారు మొదటి వర్గంలో 73.7 శాతం, రెండో వర్గంలో 86.5 శాతం. ఇవి కొత్తగా కనిపెట్టిన మందులేమీ కావు. పాత మందులనే కొద్దికొద్దిగా, ఎక్కువ కాలం ఇవ్వడమే ఇక్కడి కిటుకు.

తల్లిదండ్రులకు

తిరగబెట్టే కేసుల్లో ఎక్కువ భాగం మొదటి మూడేళ్లలోనే బయటపడతాయి. అప్పుడు నయం చేయడం మొదటిసారి కంటే చాలా కష్టం. ‘గడ్డ పోయింది, పిల్లాడు ఆడుకుంటున్నాడు, ఇక చాలు’ అనిపించడం సహజమే. కానీ చికిత్స ఎప్పుడు ఆపాలో గడ్డను బట్టి కాదు, డాక్టరు వేసిన ప్రణాళికను బట్టి తేలాలి. ప్రయాణం, ఖర్చు భారమైతే మానేసే ముందే ఆసుపత్రిలో చెప్పండి. ఆ తర్వాత కూడా పరీక్షల తేదీలు తప్పనివ్వకండి.