చుక్కలలో అక్షరములు: చూపు లేనివారికి బోధించు పని

చదువవలసిన భాగములు: మార్కు 10:46–52, యోహాను 9:1–7, మార్కు 8:22–26



బర్తిమయి కథ మన సండేస్కూలు పిల్లలందరికి కంఠపాఠమే. యెరికో త్రోవప్రక్క కూర్చున్న ఆ మనుష్యుడు కేకలు వేయగా జనులు నోరు మూయించబోయిరి. ప్రభువు మాత్రము నిలిచి, అతని దగ్గరకు పిలిపించి, అతడు కోరునదేమో అతనినే అడిగెను. చూపు లేనివాడు కోరునది ఎదుటనే కనబడుచుండగా అడుగుట ఎందుకని నేను చాలకాలము అనుకొంటిని. మా పల్లెలో ఒక చిన్నది ఆ సందేహము తీర్చినది.

మా పల్లె వినుకొండకు నాలుగు మైళ్లు. ఆ పిల్లకు పుట్టుకతోనే చూపు లేదు. తలిదండ్రులు ప్రత్తి తీతకు, మిరప కోతకు తెల్లవారకమునుపే పోవుదురు. పగలంతయు ఆమె నాయనమ్మతో వసారాలో కూర్చుండును. ఆదివారము నాయనమ్మ చెయ్యి పట్టుకొని గుడికి వచ్చును. గొంతు మంచిది గనుక నేను కీర్తనలు నేర్పితిని. క్రిస్మసుకు ఆమె పాడినప్పుడు పెద్దలు చేతిలో రూపాయి పెట్టుదురు. నాకును సంతోషమే. నాలుగేండ్లు ఇట్లు గడచినవి. ఒక ఆదివారము తక్కిన పిల్లలు పాఠము చదువుచుండగా ఆమె, “అయ్యగారూ, ఆ పుస్తకం నాకూ ఒకసారి ఇయ్యండి” అన్నది. ఇచ్చితిని. పుట మీద వ్రేళ్లతో పైనుండి క్రిందికి తడవి, “ఇందులో ఏం లేదే, నున్నగా ఉంది” అన్నది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆమె ఏమి కోరుచున్నదో నాలుగేండ్లలో ఒక్కమారైనను నేను అడిగియుండలేదు.

యోహాను తొమ్మిదవ అధ్యాయములో శిష్యులు అడిగిన ప్రశ్నయే మన వీధులలోను వినబడుచున్నది: ఎవరి పాపమువలన ఇట్లు పుట్టెను? ప్రభువు ఆ లెక్క చూడనొల్లలేదు, చేయవలసిన పనివైపు వారి దృష్టి త్రిప్పెను. ఆ పిల్ల తల్లియు ఈ ప్రశ్నతోనే కుమిలిపోవుచు, బంధువులు వచ్చినప్పుడు బిడ్డను లోపలి గదిలో కూర్చుండబెట్టుచుండెడిది. సంఘముగా మనమా తల్లి భారమును తగ్గించితిమా, పెంచితిమా?

చేయవలసిన పని యేమనగా, బోధించుట. అయితే బోధించుటకు మనసొక్కటి చాలదు. దానికి నేర్పు కావలెను. ఆ నేర్పు ఎట్లు పుట్టెనో కొంచెము చెప్పెదను.

ఫ్రాన్సు దేశములో లూయీ బ్రెయిలీ అను బాలుడు 1809లో పుట్టెను. తండ్రి గుఱ్ఱపు జీనులు కుట్టువాడు. మూడేండ్ల ప్రాయమున తండ్రి ఆరెతో ఆడుకొనుచు ఆ బాలుడు కన్ను పొడుచుకొనెను. వ్యాధి రెండవ కంటికిని వ్యాపించి చూపు పూర్తిగా పోయెను. పదునైదేండ్ల ప్రాయమున, అనగా 1824లో, అతడు ఆరు ఉబ్బెత్తు చుక్కలతో అక్షరములన్నియు వ్రాయు పద్ధతి కల్పించెను. అది 1829లో అచ్చుపడెను. ఆరెవంటి మొనతోనే ఆ చుక్కలు పొడుతురని తలంచినప్పుడు నా మనస్సు కదలును.

1887వ సంవత్సరమున రెండు సంగతులు జరిగినవి. అమెరికాలో ఆనీ సల్లివన్ అను యువతి, చూపును వినికిడియు లేని హెలెన్ కెల్లరు ఇంట బోధకురాలుగా అడుగు పెట్టెను. ఆమె తానే కంటిజబ్బుతో బాధపడి, అంధుల పాఠశాలలో చదివి, అక్కడ నేర్చిన దానితోనే ఆ బిడ్డను అందుకొన్నది. అదే యేట మన దేశములో ఆనీ షార్పు అను మిషనరీ అమృతసరమున అంధులకు మొదటి బడి పెట్టెను; తరువాత అది డెహ్రాడూనుకు మారినది. దక్షిణమున పాలయంకోటలో మిస్ ఆస్క్విత్ అట్టి పనియే ప్రారంభించెను. మన పల్నాటిలో రెంటచింతలయందు లూథరనువారు అంధుల పాఠశాల నడిపిరి. కాబట్టి ఈ పని మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. మనము మరచినదే క్రొత్తగా తోచుచున్నది.

మన దేశములో మొదట ఒక్కొక్క చోట ఒక్కొక్క విధమైన చుక్కలు వాడిరి. 1951లో అన్ని భాషలకు ఒకే క్రమముగా భారతి బ్రెయిలీ ఏర్పడినది. అనగా తెలుగు ‘క’కును హిందీ ‘క’కును ఒకే గుర్తు.

ఆ పద్ధతి యెట్టిదనగా, ఎడమ వరుసలో పైనుండి క్రిందికి 1, 2, 3. కుడి వరుసలో 4, 5, 6. ‘అ’కు మొదటి చుక్క ఒక్కటియే. ‘క’కు 1, 3. ‘మ’కు 1, 3, 4. గుణింతమునకు వేరు రూపములు లేవు. ‘మి’ వ్రాయవలెనన్న ‘మ’ ప్రక్కన ‘ఇ’ చుక్కలు పెట్టిన చాలును. ఒత్తులును లేవు. ‘అమ్మ’ అని వ్రాయుటకు ‘అ’, తరువాత పొల్లు గుర్తైన నాలుగవ చుక్క, తరువాత రెండు ‘మ’లు. మన పిల్లలు కొమ్ములకు ఏత్వములకు పడు అవస్థ చూచినవాడెవడైనను ఇది సులువని ఒప్పుకొనును. వ్రాయుటలో మాత్రము కష్టమున్నది. పలకలో దళసరి కాగితము బిగించి, మొనతో కుడినుండి ఎడమకు పొడువవలెను. ప్రతి అక్షరమును అద్దములోవలె తలక్రిందు గాక ప్రక్కక్రిందుగా నుండవలెను. కాగితము త్రిప్పినప్పుడు చుక్కలు పైకి లేచి ఎడమనుండి కుడికి సరిగా చదువబడును. చూపుగల ఉపాధ్యాయునికి ఇది అలవాటగుటకు చాల దినములు పట్టును. పిల్లలకు త్వరగా వచ్చును.

అక్షరములతోనే శిక్షణ ముగియదు. లెక్కలకు టేలరు చట్రమున్నది; దాని రంధ్రములు ఎనిమిది కోణములు గలవి, అందులో ఒకే మేకును ఎటు త్రిప్పి పెట్టితిరో దానినిబట్టి అంకె మారును. పటములను దారముతోను, ఇసుకతోను, గింజలతోను ఉబ్బెత్తుగా చేయుట నేర్పుదురు. నడచుట నేర్పుటయు ఒక విద్యయే. మన పల్లెలలో కఱ్ఱ యొక కొన అంధుని చేతికిచ్చి, రెండవ కొన పట్టుకొని పశువును తోలినట్లు లాగుకొనిపోవుదుము. శిక్షణలో నేర్పు విధము వేరు: అంధుడే మన మోచేతికి పైన పట్టుకొని అర అడుగు వెనుక నడచును. మెట్టు వచ్చినను, గుంట వచ్చినను మన దేహపు కదలికవలననే అతనికి తెలియును. బేత్సయిదాలో ప్రభువు ఆ మనుష్యుని చెయ్యి తానే పట్టుకొని ఊరి వెలుపలికి నడిపించిన సంగతి ఇక్కడ ధ్యానింపదగినది. ఆయన ఎవనినో పంపలేదు.

ఆ కథలో ఇంకొకటి యున్నది. మొదటి స్పర్శకు ఆ మనుష్యునికి కొంత చూపు వచ్చెను గాని, మనుష్యులు నడచు చెట్లవలె తోచిరి. అట్టి అరచూపు గలవారు మన మధ్య అనేకులున్నారు. వారిని మనము “వీనికి కనబడును, బద్ధకము” అని కొట్టుదుము, లేదా పూర్తిగా అంధులని విడిచిపెట్టుదుము. రెండును తప్పే. పెద్ద అక్షరములు, నల్లని సిరా, కిటికీవైపు వీపు పెట్టి కూర్చుండుట, నల్లబల్ల దగ్గర చోటు, ఇవి చాలమందిని బడిలో నిలుపును. కంటి వైద్యునికి చూపకముందు ఏ బిడ్డను గూర్చియు తీర్పు చెప్పకూడదు.

మన యువకులు, యువతులు ఈ పనికి సిద్ధపడదలచిన మార్గమున్నది. భారత పునరావాస మండలి 1992 నాటి చట్టముచేత స్థిరపడినది. అది గుర్తించిన శిక్షణ పొంది, దాని పట్టికలో పేరు వ్రాయించుకొన్నవారే ప్రత్యేక ఉపాధ్యాయులుగా పని చేయవలెను. ఇంటర్మీడియటు తరువాత డిప్లొమా, డిగ్రీ తరువాత ప్రత్యేక విద్యలో బి.ఎడ్. కలవు. చేరకముందు ఆ సంస్థకు మండలి గుర్తింపు ఉన్నదో లేదో విచారించుడి; డబ్బు పోగొట్టుకొని ఏడ్చినవారిని ఎరుగుదును. వినుకొండలో 1895లో పుట్టిన జాషువ కవి గుంటూరు లూథరన్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదియేండ్లు పని చేసెను. బోధించువాడు ముందుగా నేర్చుకొనవలెనను సంగతి మన పెద్దలకు ఎవరును చెప్పనక్కరలేకపోయెను.

తలిదండ్రులకు ఒక మాట. 2016 నాటి చట్టము ప్రకారము నిర్ణీత ప్రమాణమునకు మించిన వైకల్యముగల బిడ్డకు ఆరేండ్లనుండి పదునెనిమిదేండ్లవరకు ఉచిత విద్య హక్కు. సదరం పత్రము చేయించుకొనుడి. మండలములోని భవిత కేంద్రములో విచారించుడి. మచిలీపట్నము దగ్గర సీతారామపురములో చూపు లేక పుట్టిన శ్రీకాంత్ బొల్లా అను బాలుడు పదవ తరగతి తరువాత విజ్ఞానశాస్త్రము చదువుటకు అనుమతి దొరకక, న్యాయస్థానమునకు వెళ్లి గెలిచి, పిదప అమెరికాలోని ఎం.ఐ.టి.లో చదివి, వ్యాపారమున అనేకులకు పని కల్పించెను. అతని తలిదండ్రులు పొలము పనివారే. ఆ బిడ్డ బ్రతుకుట వ్యర్థమని చెప్పిన బంధువులు వారికిని ఉండిరి.

మరియొక సంగతి, చిన్నదే గాని చెప్పవలెను. మిరప కాలములో అంధులైన పిల్లలచేత తొడిమలు తీయింతురు, అది కంటితో పని లేనిది గనుక. ఆ కూలి ఇంటికి అవసరమే, కాదనను. కాని దినమంతయు మండిన వ్రేళ్లతో సాయంకాలము చుక్కలు తడవుట ఆ పిల్లలచేత కాదు. చదువు ముందు, తొడిమలు తరువాత.

నా సంగతి చెప్పి ముగించెదను. నేను శిక్షణ పొందినవాడను కాను. భవిత కేంద్రములోని ఉపాధ్యాయురాలు ఆ పిల్లకు నేర్పుచుండగా ప్రక్కన కూర్చుండి నేనును నేర్చుకొంటిని. ఒక దినము ‘ఇల్లు’ అని నేనే వ్రాసి గర్వముతో ఆమెకిచ్చితిని. మొదటి అక్షరములో అద్దపు లెక్క తప్పి, 2, 4 పొడువవలసిన చోట తారుమారాయెను. ఆమె వ్రేలు అక్కడ ఆగినది.

“అయ్యగారూ, ‘ఏ’ అని రాశారు. ఇట్లా ఇయ్యండి, నేను రాసి చూపిస్తా” అని పలక నా చేతిలోనుండి తీసికొన్నది.