పంపని పిల్లల కోసం

విజయవాడ,
ఆదివారం.

చి. చిట్టికి,


గురుకులంలో కౌన్సెలర్‌గా ఆర్డరు వచ్చిందని అమ్మ ఫోన్లో చెప్పింది. కాంట్రాక్టు ఉద్యోగమని ఆవిడ దిగులు, బస్సు దిగి ఆటో ఎక్కాల్సిన ఊరని మీ నాన్న దిగులు. ఆ రెండూ వాళ్లకే వదిలేసి నువ్వు అడిగినదానికి వస్తాను. "పిల్లలు నా దగ్గరికి రాకపోతే ఏం చెయ్యాలి పిన్నీ?" అన్నావు.

రారు. మొదట్లో వాళ్లంతట వాళ్లు అసలు రారు. టీచర్లు పంపిస్తారు. ఎవరిని పంపిస్తారో ఇక్కణ్ణుంచే చెప్పగలను: ఎదురు చెప్పే పిల్ల, పుస్తకంలో ప్రేమలేఖ దొరికిన పిల్ల, గోడ దూకిన పిల్ల. "కాస్త కౌన్సెలింగ్ ఇవ్వండి మేడమ్" అంటారు. అంటే తిట్టీ తిట్టీ వాళ్లు అలిసిపోయారు, ఇక నీ వంతు అని. వాళ్లతోనూ మాట్లాడాల్సిందే. అయితే నిన్ను ఆ బడిలో వేసింది ముఖ్యంగా పంపని పిల్లల కోసం. క్లాసుకు అడ్డురాని పిల్లను పంపాలని ఎవరికీ తోచదు. మూల బెంచీలో కూర్చుని, అడిగితే తలూపి, అన్నం సగం వదిలేసి లేచే పిల్ల మీద ఫిర్యాదు ఏముంటుంది? నిమ్హాన్స్ వాళ్లు 2015–16లో పన్నెండు రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13–17 ఏళ్ల పిల్లల్లో నూటికి ఏడుగురికి పైగా ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. ఆ లెక్కన అరవై మంది పడుకునే డార్మిటరీలో నలుగురు. ఆ నలుగురూ గోల చేసేవాళ్లే అయ్యుండరు కదా.

మరి వాళ్లను పట్టుకోవడం ఎలా అంటే, ముందు స్టాఫ్ నర్సుతో స్నేహం చెయ్యి. సిక్ రూమ్ రిజిస్టరంత నిజం చెప్పే పుస్తకం ఆ బడిలో ఇంకోటి ఉండదు. వెనక్కి మూడు నెలలు తిరగెయ్యి. ఒకే పేరు, ఒకే కడుపునొప్పి, స్లిప్ టెస్టు ఉన్న రోజునే వస్తోందా? తలనొప్పి అన్న పిల్లకు విజిటింగ్ డే నాడు ఎవరైనా వచ్చారా? రాత్రి స్టడీ అవర్ మొదలవగానే ఆయాసం అనే పిల్ల ఆటల పీరియడ్‌లో బాగానే పరుగెత్తుతోందా? ఇవన్నీ రిజిస్టరు పక్కన టైంటేబుల్ పెట్టుకుని చూస్తే కనిపిస్తాయి. "నాటకాలు" అని నర్సు అన్నా నువ్వు అనకు. ఆ నొప్పి నిజంగానే నొప్పి. బెంగ ముందు కడుపులోనే దిగుతుంది.

అలాగని ప్రతిదాన్నీ మనసు ఖాతాలో వెయ్యకు. సైకాలజీ చదివి కొత్తగా వచ్చినవాళ్లకు ఆ తొందర ఎక్కువ. ముందు కళ్లు చూపించు, చెవులు చూపించు, రక్తం చూపించు. మన దగ్గర కౌమార వయసు ఆడపిల్లల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. నీరసంగా గోడకానుకున్న పిల్లకు నీ మాటల కంటే ముందు ఐరన్ మాత్ర కావాలేమో. చదవడం రాక తన్నులు తింటున్న పిల్లకు అక్షరాలు పట్టుబడని ఇబ్బంది ఉందేమో. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం బడికి వచ్చినప్పుడు అలాంటి పిల్లల జాబితా నీ చేతిలో సిద్ధంగా ఉండాలి. వాళ్లు జిల్లా కేంద్రానికి రాస్తారు, నువ్వు వెంటపడితేనే కదులుతుంది.

తర్వాత మెస్. రోజూ ఒకే చోట కూర్చోకు, బల్ల మారుస్తూ ఉండు. ఎవరి పక్కన ఎవరూ కూర్చోవడం లేదో రెండు పూటల్లో తెలిసిపోతుంది. ఐదో తరగతిలో చేరే పిల్లలకు పదేళ్లు. మొన్నటిదాకా అమ్మ పక్కన పడుకున్నవాళ్లు, ఇప్పుడు ఒక ట్రంకు పెట్టె, ఒక దుప్పటి. కొందరు పక్క తడుపుతారు. తెల్లవారి ఆ దుప్పటి అందరి ముందూ ఆరేయించే అలవాటు చాలా హాస్టళ్లలో ఉంది. అది ఆపించు. రాత్రి ఎనిమిది తర్వాత నీళ్లు తగ్గించి, పడుకునే ముందు ఒకసారి, పదకొండింటికి ఆయమ్మ లేపి ఒకసారి బాత్రూంకి పంపితే కొందరికి తగ్గుతుంది. తగ్గకపోతే డాక్టరుకు చూపించు. ఇది చిన్న సంగతి అనుకుంటారు. ఆ పిల్లకు ఏడాది పొడవునా పేరు పడిపోతుంది, పెళ్లీడుదాకా ఆ పేరు వెంటొస్తుంది.

నీ గది సంగతి. విరిగిన బెంచీలున్న స్టోర్ రూమ్ ఇస్తారు, ఫరవాలేదు తీసుకో. ప్రిన్సిపాల్ గది పక్కన మంచి గది ఇస్తామంటే మాత్రం వద్దను. అక్కడికి వచ్చిన పిల్లను దారిలో పదిమంది చూస్తారు. ఫిర్యాదుల పెట్టె పెడితే తాళంచెవి నీ ఒక్కదాని దగ్గరే ఉండాలి, పెట్టె బాత్రూంల దారిలో ఉండాలి. లీజర్ ఉంది కదా అని సబ్‌స్టిట్యూషన్‌కు పంపుతారు. ఒకటి రెండుసార్లు వెళ్లు, తర్వాత మర్యాదగా మానుకో. ఇన్విజిలేషన్‌కు అసలొద్దు, క్రమశిక్షణ కమిటీలో పేరు వెయ్యనివ్వకు. ఇది నీ సుఖం కోసం చెప్పడం లేదు. బీహార్ నలంద జిల్లాలో డెబ్బైకి పైగా బళ్లలో సెహర్ అనే కార్యక్రమం నడిపి చూశారు. అదే కార్యక్రమాన్ని కొన్ని బళ్లలో టీచర్ల చేత, కొన్నింట్లో ఆ పని కోసమే శిక్షణ ఇచ్చి వేసిన మామూలు కౌన్సెలర్ల చేత చేయించారు. 2018లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. కౌన్సెలర్లున్న చోట పిల్లల్లో కుంగుబాటు, ఏడిపించడం, కొట్లాటలు తగ్గాయి. టీచర్లు చేసిన చోట చెప్పుకోదగ్గ తేడా లేదు. టీచర్లు చెడ్డవాళ్లని కాదు. వాళ్ల చేతిలో సిలబస్ ఉంది, మార్కులున్నాయి. మార్కులు వేసే మనిషితో పిల్ల అన్నీ చెప్పుకోదు.

మోటివేషన్ క్లాసు పెట్టమని కూడా అడుగుతారు. మైకు పట్టుకుని అబ్దుల్ కలాం గురించి గంటసేపు చెబితే పిల్లలు చప్పట్లు కొడతారు, ఫొటో గ్రూపులో పడుతుంది, అంతే. నువ్వు చెయ్యాల్సింది చాలా చిన్న పని. ఎనిమిదో తరగతి పిల్ల స్నేహితురాలు మంచం మార్చుకుందని అన్నం మానేసిందనుకో. సమస్య ఏంటో ఒక్క వాక్యంలో ఆ పిల్ల చేతే రాయించు. ఏమేం చెయ్యొచ్చో, పిచ్చివైనా సరే, మూడు నాలుగు దారులు చెప్పించు. ఒకటి ఎంచుకుని గురువారంలోపు చేసి వచ్చి ఏమైందో చెప్పమను. కుదరకపోతే రెండో దారి. ఇంతే. ఢిల్లీ ప్రభుత్వ బళ్లలో ఇలాంటి పద్ధతినే మూడు వారాల్లో నాలుగైదు పొట్టి మాటామంతీలతో నడిపి చూశారు, పిల్లల ఇబ్బందులు తగ్గాయి. సలహా నీ నోటి నుంచి రాకూడదన్నదే ఇందులో కష్టం. మన ఇంట్లో పెరిగినదానివి కాబట్టి నీకు మరీ కష్టం.

ఆడపిల్లల హాస్టల్లో ఒకటి తప్పక ఎదురవుతుంది. ఒక పిల్ల ఊగిపోయి పడిపోతుంది, గంటలో మరో నలుగురు, సాయంత్రానికి డార్మిటరీ సగం. వేపచెట్టు మీద దయ్యం అంటారు, నీళ్లలో ఏదో కలిసింది అంటారు, అంబులెన్సు వస్తుంది, వెనకే టీవీ వాళ్లు. ముందు డాక్టరు చూడాలి. ఫిట్సా, తిండి పడలేదా, షుగరు పడిపోయిందా తేల్చుకోవాలి. ఏమీ లేదని డాక్టరు చెప్పాక గుంపును విడదీయడం నీ పని. పడిన పిల్లలందరినీ ఒకే గదిలో పడుకోబెట్టొద్దు. చుట్టూ మూగనివ్వొద్దు, ఫోన్లు తియ్యనివ్వొద్దు. మిగతావాళ్లకు ఆటలో పనో పెట్టు. దొంగ ఏడుపని ఎవరూ అనకుండా చూడు, వాళ్లు కావాలని పడటం లేదు. మర్నాడు మొదట పడిన పిల్లతో ఒంటరిగా కూర్చో. చెప్పుకోలేనిదేదో ఆ పిల్ల మీద ఉందేమో: ఇంట్లో పెళ్లి మాట, పెద్దపిల్లల పెత్తనం, పరీక్ష, కొన్నిసార్లు వీటికంటే పెద్దది.

ఆ పెద్దదాని గురించి. "ఎవరికీ చెప్పను" అని ఏ పిల్లకూ ఒట్టు పెట్టకు. నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ప్రమాదమైతే, నిన్నెవరైనా చెడుగా ముట్టుకుంటే, నేను చెప్పాల్సినవాళ్లకు చెబుతాను అని మొదటి రోజే చెప్పెయ్యి. లైంగిక వేధింపు తెలిసిందంటే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, దాచడమే నేరం. బడి పరువు పోతుందని ఎవరైనా అంటే ఆ సెక్షన్ కాగితం మీద చూపించు. పిల్ల చేత ఆ కథ పదిసార్లు చెప్పించకు. నువ్వు విచారణాధికారివి కావు.

చనిపోవాలనే మాట వచ్చినప్పుడు తిప్పి తిప్పి అడగకు. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని తిన్నగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని పెద్దవాళ్లు భయపెడతారు. అలా జరగదు, పైగా ఆ పిల్లకు ఊపిరి ఆడుతుంది. అవునంటే ఒంటరిగా వదలకు. ప్రిన్సిపాల్‌కు చెప్పు, ఇంటివాళ్లను పిలిపించు, అదే రోజు సైకియాట్రిస్టుకు చూపించు. టెలీ మానస్ 14416కు రాత్రయినా పగలయినా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరూ, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబరూ డార్మిటరీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించు, ఫోన్ ఎక్కడ దొరుకుతుందో కూడా దాని కింద రాయించు.

ఫలితాల రోజున, ఆ వారమంతా కళ్లు తెరుచుకుని ఉండు. విశాఖలో నీట్ కోచింగ్‌లో ఉండగా 2023లో చనిపోయిన అమ్మాయి తండ్రి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న ఇచ్చిన తీర్పు చదువు. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలంది. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడదీయడం, అందరి ముందూ అవమానించడం కూడదంది. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలంది. నీ మాట చెల్లని స్టాఫ్ మీటింగులో ఆ తీర్పు మాట చెల్లుతుంది.

ఇక తల్లిదండ్రులు. చాలామంది మిరపకోతలకో, బేల్దారి పనులకో వలస పోయి ఉంటారు. ఫోన్ పక్కింటివాళ్లది. బడికి వస్తే, కూలి మానుకుని వచ్చారని గుర్తుపెట్టుకుని ముందు అన్నం పెట్టించు, తర్వాత మాట్లాడు. గాలి సోకిందనీ, దర్గాకో ప్రార్థనకో తీసుకెళ్తామనీ అంటారు. వద్దనకు. తాయెత్తు కట్టించుకోండి, మాత్ర కూడా వేయించండి అను. కాదని నువ్వు గెలిస్తే పిల్ల మందు మానేస్తుంది.

నెలకోసారైనా నాకు ఫోన్ చెయ్యి. కేసు చెప్పు, పేరు మాత్రం చెప్పకు, పిన్నినైనా సరే. పెద్ద డాక్టరు ఎవరైనా నీకు సలహాకు దొరికేలా జిల్లా ఆసుపత్రిలో ఇప్పుడే పరిచయం చేసుకో. బడి తెరిచిన మొదటి వారం రాత్రులు హాస్టల్లోనే ఉంటానని ప్రిన్సిపాల్‌ను అడుగు. ఐదో తరగతి పిల్లలు ఎక్కువగా ఏడ్చేది అప్పుడే, లైట్లు తీసేశాక.

ఇట్లు,
నీ పిన్ని