నియోటెరిక్ అనే మాట గురించి

సికింద్రాబాద్

చిరంజీవి మనవరాలికి,

కాలేజీ పత్రిక కోసం కొత్తదనం మీద నువ్వు రాసిన ఇంగ్లీషు వ్యాసం అందింది. శ్రద్ధగా చదివాను. అందులో కొత్త మోడల్ ఫోన్‌ను ‘నియోటెరిక్’ అన్నావు. నిఘంటువులో కొత్తది, ఆధునికమైనది అనే ఉంటుంది కనుక నిన్ను తప్పుపట్టడానికి లేదు. కానీ ఆ మాట పుట్టుక తెలిస్తే ఫోన్‌కి పెట్టవు తల్లీ.

క్రీ.పూ. 1వ శతాబ్దంలో రోమ్‌లో కవి కాటల్లస్, అతని తోటివాళ్లు పెద్ద పెద్ద వీరగాథలు వదిలేసి చిన్న పద్యాలు చెక్కుకున్నారు. ప్రేమ, స్నేహం, కోపం, పోయిన తోబుట్టువు మీద దుఃఖం, ఇలాంటివి వాళ్ల వస్తువులు. నాటి వక్త సిసిరోకు ఆ ధోరణి నచ్చలేదు. గ్రీకు మాట ఒకటి తీసి, ‘కొత్తవాళ్లు’ అని ఎత్తిపొడిచాడు. దాని వంశంలోదే నీ నియోటెరిక్. 1621లో రాబర్ట్ బర్టన్ ‘అనాటమీ ఆఫ్ మెలంకలీ’ అచ్చయ్యేనాటికి ఇంగ్లీషులో ప్రాచీనులతో పోల్చి ఇటీవలి పండితులను అలా పిలిచేవారు. పాత పద్ధతి ఒకటి ఎదురుగా నిలబడి ఉంటేనే ఈ మాటకు బలం.

మనకూ అలాంటి ఘట్టం ఉంది. 1910లో గురజాడ ముత్యాల సరాలు రాసినప్పుడు వృత్తాలను పక్కనపెట్టి, వాడుక మాటలకు మాత్రల నడక నేర్పాడు. దాన్ని నియోటెరిక్ అను, మనసారా ఒప్పుకుంటాను. తర్వాత వచ్చిన భావకవులను పెద్దలు ఆక్షేపించిన తీరు చూస్తే సిసిరోయే గుర్తొస్తాడు.

కొత్త అనగానే మెప్పు అనుకోకు. మోండా మార్కెట్‌లో బియ్యం కొట్టు దగ్గర చూశావుగా, పాత సోనామసూరికే ధర ఎక్కువ. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుందని కొట్టాయనే చెబుతాడు, గింజ పంటికింద కొరికి మరీ చూపిస్తాడు. పసిపిల్ల మనుషుల్ని చూసి బెదిరితే ‘కొత్త చేస్తోంది’ అంటాం. నియోటెరిక్‌లోనూ ఆ బెదురు, ఆ అనుమానం కాస్త ఉన్నాయి. అందుకే అది నాకిష్టం.

ఫోన్ దగ్గర ‘న్యూ’ చాలు. గురజాడ మీద ఒక పేరా చేర్చి, ఆ మాటను అక్కడ ఒక్కసారే వాడు. అచ్చుకు ఇచ్చేముందు మళ్లీ నాకు పంపు.

మీ తాతయ్య