గడ్డకట్టించి దంచే రోలు

కారం కొట్టే రోజులు గుర్తు తెచ్చుకోండి. మిరపకాయల్ని బాగా ఎండబెడతాం. చేత్తో పట్టుకుంటే గలగలలాడాలి. అప్పుడే రోట్లో వేస్తాం. మబ్బు పట్టి కాయ మెత్తబడిందా, ఎంత దంచినా నలగదు. తోలు తోలుగా మిగిలిపోతుంది. దంచాలంటే వస్తువు పెళుసుగా ఉండాలి. ఈ సంగతి మనకు ఎవరూ బళ్ళో చెప్పలేదు. రోకలి చెప్పింది.

ఇప్పుడు ఒక ప్రశ్న. శెనగగింజంత మాంసం ముక్క ఉంది. దాన్ని పిండిలాగా పొడి చేయాలి. ఎండబెట్టకూడదు. వేడి తగలకూడదు. ఎట్లా చేస్తారు?

ఇంజనీరింగ్ చదివే పిల్లలకు ఇట్లాంటి పనులే అప్పగిస్తారు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో మాడిసన్ అనే నగరం ఉంది. అక్కడి విశ్వవిద్యాలయంలో వైద్య పరికరాల ఇంజనీరింగ్ నేర్పుతారు. ఆడపిల్లలు, మగపిల్లలు జట్లుగా చేరతారు. డాక్టర్లు, పరిశోధకులు తమ ఇబ్బంది ఏమిటో చెబుతారు. ఆ ఇబ్బంది తీర్చే పరికరాన్ని పిల్లలు ఆలోచించి, తయారుచేసి, చూపించాలి. ఇదీ ఒక పరీక్షే. కాకపోతే దీని జవాబు ఏ పుస్తకంలోనూ ఉండదు.

అలాంటి ఒక జట్టును మాంసం ముక్కను గడ్డకట్టించి పొడి చేసే పరికరం అడిగారనుకుందాం.

అసలు ఆ ముక్క ఎవరిది?

ఒక ఆమెకు రొమ్ములో గడ్డ తగిలింది. డాక్టరు ఆ గడ్డలోంచి చిన్న ముక్క తీస్తారు. ముక్క తీస్తే జబ్బు ఒళ్ళంతా పాకుతుందని మన ఊళ్ళలో చాలామందికి భయం. ఆ భయంతోనే నెలలు గడిపేస్తారు. ఆ భయం అక్కర్లేదు. గడ్డ మంచిదో చెడ్డదో తేలాలంటే ముక్క తీసి చూడాల్సిందే. దాన్ని మందునీళ్ళలో వేసి, పలచగా కోసి, సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఇంతవరకూ దంచే పని లేదు.

ఆమె ఒప్పుకుంటే ఇంకొంచెం ముక్క పరిశోధనకు ఇస్తారు. ఒకే జబ్బు ఉన్న ఇద్దరిలో ఒకరికి మందు పనిచేస్తుంది, ఇంకొకరికి పనిచేయదు. ఎందుకని? ఇది తెలియాలంటే ముక్కలోని కణాలు పగిలి, లోపలి సరుకు బయటికి రావాలి. ఇక్కడే దంపుడు కావాలి.

కానీ ఒంట్లోంచి బయటపడగానే ముక్క పాడవడం మొదలవుతుంది. కణాల్లో ఆర్‌ఎన్‌ఏ అనే పదార్థం ఉంటుంది. కణం ఏ పని చేస్తున్నదో చెప్పే చీటీ లాంటిది అది. దాన్ని తెంపేసే కత్తెరల్లాంటి పదార్థాలు కూడా అక్కడే ఉంటాయి. మనం చీటీ చదివేలోపే అవి చించేస్తాయి. బాగా చల్లబడితే కత్తెరలు ఆగిపోతాయి. ముక్క కరిగితే మళ్ళీ మొదలెడతాయి.

అందుకే ద్రవ నైట్రోజన్ వాడతారు. పేరు కొత్తగా ఉందా? మీలో కొందరు దాన్ని చూసే ఉంటారు. ఎదకు వచ్చిన గేదెను పశువుల ఆసుపత్రికి తోలుకుపోతే, అక్కడ ఒక పెద్ద క్యాను మూత తీస్తారు. తెల్లగా పొగ వస్తుంది. లోపల ఉండేది అదే. నిజానికి అది పొగ కాదు. చలికి గాలిలోని తేమ మంచులాగా కనిపిస్తుంది. మనం పీల్చే గాలిలో నూటికి 78 పాళ్ళు నైట్రోజనే. దాన్ని బాగా చల్లబరిస్తే నీళ్ళలా మారుతుంది. నీళ్ళు గడ్డకట్టేది సున్నా డిగ్రీల దగ్గర. ఇది సున్నాకు ఇంకా 196 డిగ్రీలు కింద ఉంటుంది.

అందులో వేస్తే మాంసం ముక్క గాజులా పెళుసవుతుంది. మనం ఎండతో చేసే పని వాళ్ళు చలితో చేస్తారు.

ఇక దంచడమే గదా అనుకుంటాం. అసలు తిప్పలు అప్పుడే మొదలవుతాయి. ప్రయోగశాలల్లో చిన్న రోలు, రోకలి బండ ఉంటాయి. వాటిమీద ద్రవ నైట్రోజన్ పోస్తూ నూరుతారు. దెబ్బకు ముక్క చిట్లి బయట పడుతుంది. పొడి గోడలకు అంటుకుంటుంది. మనకు దోసెడు పిండి మరలో ఉండిపోతే ఏం కాదు. అక్కడ ఉన్నదే శెనగగింజంత. పోతే మళ్ళీ ఆమె దగ్గరకు వెళ్ళి ఇంకో ముక్క ఇవ్వమ్మా అంటారా?

మిక్సీలో వేస్తే సరిపోదా? పచ్చడి ఎక్కువసేపు తిప్పితే జారు వేడెక్కుతుంది, మీకు తెలుసు. ఆ వేడి చాలు, ముక్క కరగడానికి. అందుకని కొన్ని మరల్లో మూత పెట్టిన చిన్న గిన్నెలో ముక్క, ఒక ఉక్కు గుండు వేసి, చల్లగా ఉంచి వేగంగా ఊపుతారు. గుండే రోకలి అవుతుంది. పొడి బయటికి ఎగరదు.

ఇంకో చిక్కు ఉంది. పిండిమరలో మనకన్నా ముందు ఎవరైనా మిరపకాయలు ఆడించారనుకోండి. మన పిండికి ఘాటు వస్తుంది. ఇక్కడ ఒకరి ముక్క పొడి ఇంకొకరి ముక్కలో కలిస్తే ఆ లెక్క మొత్తం తప్పు. కాబట్టి పరికరం విప్పి కడగడానికి వీలుగా ఉండాలి. నన్నడిగితే అన్నిటికన్నా ఇదే ముఖ్యం. మూలమూలల్లో మడతలుండే పాత్ర ఎంత అందంగా ఉన్నా తోమే వాళ్ళకు తెలుస్తుంది దాని సంగతి.

పరికరం దేంతో చేయాలన్నది కూడా ఆలోచించాలి. మామూలు ఇనుము అంత చలికి పెళుసెక్కి పగలవచ్చు. చాలా ప్లాస్టిక్కులూ అంతే. మనం వంటింట్లో వాడే స్టీలు రకం తట్టుకుంటుంది. తిరిగే భాగాలకు నూనె పోస్తే నూనె కూడా గడ్డకడుతుంది.

ప్రాణాల మాట ఒకటి ఉంది. ద్రవ నైట్రోజన్‌ను గట్టిగా మూత బిగించి ఉంచకూడదు. 1 లీటరు ద్రవం ఆవిరైతే దాదాపు 700 లీటర్ల వాయువు అవుతుంది. దారి లేకపోతే పాత్ర పేలుతుంది. తలుపులు మూసిన గదిలో అది గాలిని పక్కకు నెట్టేస్తుంది. వాసన ఉండదు, రంగు ఉండదు. మనిషికి తెలియకుండానే ఊపిరి ఆడక పడిపోతాడు. 2021 జనవరిలో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒక కోళ్ళ మాంసం ఫ్యాక్టరీలో ద్రవ నైట్రోజన్ లీకై 6 మంది చనిపోయారు. కాబట్టి పిల్లలు గీసే బొమ్మలో ఆవిరి పోయే దారి మొదట ఉండాలి.

పరికరం తయారైతే వెంటనే రోగి ముక్క వేయరు. కోడి మాంసంతో చూస్తే చాలు. వేసే ముందు తూకం వేస్తారు. దంచాక పొడిని మళ్ళీ తూకం వేస్తారు. 100 మిల్లీగ్రాములు వేస్తే 80 వచ్చాయా? మిగతా 20 ఎక్కడ అంటుకున్నాయో వెతుకుతారు. ఆ చోటు మార్చి మళ్ళీ చేస్తారు.

మీ ఇంట్లో గానీ పక్కింట్లో గానీ ఫ్రిజ్ ఉంటే ఒక పని చేయండి. కొత్తిమీర కట్టలో సగం కడిగి, తడి ఆరాక, ఐసు గడ్డకట్టే అరలో ఒక రాత్రి ఉంచండి. మిగతా సగం బయట ఉంచండి. పొద్దున తీసిన వెంటనే రెండిటినీ వేళ్ళతో నలపండి. ఏది పొడిగా రాలింది? చల్లటి దాన్ని ఎంతసేపు నలపగలిగారు? చూసింది నాలుగు మాటల్లో రాసి, మీ జట్టులో చదవండి.